‘డీఫాల్ట్ స్ట్రింగ్’ గారికి బహిరంగ లేఖ

డీఫాల్ట్ స్ట్రింగ్ గారూ, నమస్కారం.

మీ అసలు పేరు నాకు తెలుసు, అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చేశారు కూడా. కానీ లైనక్స్‌లో మెషిన్ వివరాలు చూపించే డీఎంఐడీకోడ్ కమాండ్ కొట్టి మీ ఈ మినీ పీసీ (చిన్న డబ్బా కంప్యూటర్) చేసిందెవరు అని అడిగితే ‘డీఫాల్ట్ స్ట్రింగ్’ అని వస్తోంది. మోడల్ పేరు చూద్దామంటే అదీ డీఫాల్ట్ స్ట్రింగే. ఇంకోచోట ‘టు బీ ఫిల్డ్ బై ఓ.ఈ.ఎం.’ అని ఉంది. తయారీదారు నింపాలి అని. అంటే బయాస్ (మెషిన్ లేవగానే మొదట నడిచే ప్రోగ్రాం) రాసిచ్చినవాళ్లు మీకోసం ఖాళీ వదిలి, ఇక్కడ మీ వివరాలు రాసుకోండి బాబూ అన్నారు, మీరు రాసుకోలేదు. శుభలేఖలో ‘పెళ్లికూతురి పేరు ఇక్కడ’ అని ఉన్నదాన్ని అలాగే అచ్చేయించి ఊరంతా పంచినట్టుంది. మెషిన్ ఏ పేరు చెబితే నేనూ ఆ పేరుతోనే పిలుస్తున్నాను, ఏమీ అనుకోకండి. మినీ పీసీలు అమ్మే మిగతావాళ్లు కూడా ఇది తమకే అనుకుని చదవొచ్చు, మార్కెట్లో ఈ ఇంటిపేరుతో చాలామందే ఉన్నారు.

నాది నరసరావుపేట. కంప్యూటర్లు బాగుచేయడం, సీసీ కెమెరాలు బిగించడం నా పని. మా బాబాయికి ఎరువుల కొట్టు ఉంది. అక్కడ పన్నెండేళ్ల నాటి టవర్ కంప్యూటర్ ఒకటి రైస్‌మిల్లులా చప్పుడు చేస్తూ ఉంటే, దాన్ని తీయించి మీ డబ్బా పెట్టించింది నేనే. ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. మానిటర్ వెనక బిగించేస్తే కనపడను కూడా కనపడదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ బ్రౌజర్‌లో నడిచేదే కాబట్టి లైనక్స్ వేశాను, దాంట్లోనే నాలుగు కెమెరాల రికార్డింగ్, సాయంత్రం పూట లెక్కల బ్యాకప్. ఫిబ్రవరిలో పెడితే బాబాయ్ వచ్చినవాళ్లందరికీ మానిటర్ తిప్పి మరీ చూపించాడు. మే నెలాఖరుకి జనం మొదలయ్యారు, తొలకరికి ముందు ఎప్పుడూ ఉండే రద్దీయే. అప్పుడు ఫోన్ వచ్చింది.

“ఒరేయ్, పాత డబ్బానే నయంరా. ఒక్క బిల్లు కొట్టేలోపు ముగ్గురు పక్క కొట్టుకి పోతున్నారు.”

మొదట ఎండ మీదకి నెట్టేశాను. రెంటచింతల మా జిల్లాలోనే ఉంది, మే నెలలో మాకు కంప్యూటర్లు కాదు కదా మనుషులే పనిచేయరు. వేడెక్కి క్లాక్ (చిప్ వేగం) తగ్గించుకుంటోంది, ఫ్యాన్‌లో ఎరువు దుమ్ము చేరుంటుంది, ఊడదీసి తుడిచి చిప్ మీద వేడి లాగే పేస్ట్ మారిస్తే సరిపోతుంది అనుకుని వెళ్లాను. తుడిచాను, మార్చాను కూడా. తేడా ఏమీ లేదు. తీరా ఉష్ణోగ్రత చూస్తే 62 డిగ్రీలు. ఈ చిప్ 105 దాకా తట్టుకుంటుందని ఇంటెల్లే చెబుతోంది. కొట్లో గాలే 39 డిగ్రీలుంటే చిప్ 62 అంటే అది హాయిగా కూర్చున్నట్టే. లైనక్స్ రాసుకునే చిట్టా, కెర్నల్ లాగ్‌లో వేడికి క్లాక్ తగ్గించానన్న మెసేజ్ ఒక్కటి లేదు, అలా ఎన్నిసార్లు తగ్గిందో చెప్పే త్రాటిల్ లెక్క సున్నా. అంటే వేడి వల్ల కాదు, ఇంకెవరో బ్రేకు మీద కాలేసి కూర్చున్నారు.

ఆ రాత్రి కొట్టు మూశాక అసలు పరీక్ష పెట్టాను. కెమెరాలు ఆపేసి, ఒక విండోలో వేగం, వాట్లు చూపించే టర్బోస్టాట్, ఇంకో విండోలో చిప్ మీద బరువు పెట్టే స్ట్రెస్-ఎన్‌జీ, నాలుగు కోర్లకీ పూర్తి లోడు. మొదట 2.9 గిగాహెర్ట్జ్, వాడకం 14 వాట్లు, అబ్బో అనుకున్నాను. పదిహేను సెకన్లు గడిచాయో లేదో 1.7కి పడిపోయింది, వాట్లు సరిగ్గా 6 దగ్గర గీత గీసినట్టు ఆగిపోయాయి. ఆపి రెండు నిమిషాలాగి మళ్లీ మొదలుపెడితే మళ్లీ అదే, పదిహేను సెకన్ల పరుగు, తర్వాత నడక. వేడికి పడిపోతే గ్రాఫ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఫ్యాన్ ఊపందుకుంటే కాస్త పైకి లేస్తుంది. ఇంత తిన్నగా ఉందంటే అది ఎవరో నంబరు రాసిపెట్టిన వ్యవహారం.

ఆ నంబరు లైనక్స్‌లో కరెంటు వాడకం పరిమితులు ఉండే పవర్‌క్యాప్ ఫోల్డర్‌లో దొరికింది. దీర్ఘకాల పరిమితి 60 లక్షల మైక్రోవాట్లు, అంటే 6 వాట్లు, దీన్నే పీఎల్1 అంటారు. స్వల్పకాల పరిమితి పీఎల్2 రెండున్నర కోట్లు, 25 వాట్లు. కాలవ్యవధి దాదాపు 28 సెకన్లు. 28 ఉంటే పదిహేనుకే ఎందుకు పడిపోయిందని నాకూ కాసేపు తిక్క రేగింది. తర్వాత వెలిగింది, అది బడి గంట కాదు, వాడకం తాలూకు జారే సగటు. 14 వాట్లు గుంజుతుంటే ఆ సగటు 6కి చేరడానికి పదిహేను సెకన్లు చాలు, చేరగానే చిప్ తగ్గాల్సిందే.

ఇంకో సంగతి, బాబాయి కొట్టులో అసలు దెబ్బ కొట్టింది ఇదే. ఆ 6 వాట్లు సీపీయూకి మాత్రమే కాదు, ప్యాకేజీ మొత్తానికి, అంటే లోపలి గ్రాఫిక్స్‌కి కూడా కలిపి. నాలుగు కెమెరాల వీడియో విప్పేది ఆ గ్రాఫిక్సే. అది తన వాటా తినేశాక మిగిలిన దాంట్లో బ్రౌజరు, డేటాబేసు, ప్రింటరు అన్నీ సర్దుకోవాలి. ఉమ్మడి కుటుంబంలో ఒకడి జీతంతో పదిమంది బతికినట్టు. నేను కెమెరాలు పెట్టకుండా బిల్లింగ్ ఒక్కటే పరీక్షించి ఫిబ్రవరిలో శభాష్ అనుకున్నాను. ఆ తప్పు నాది, ఒప్పుకుంటాను. లోడు ఎలా ఉంటుందో అలాగే పెట్టి పరీక్షించాలి, ముక్కలుగా కాదు.

సరే, నంబరు కనబడింది కదా మారుద్దామని మీ బయాస్‌లోకి వెళ్లాను. తేదీ, టైము, బూట్ వరుస, పాస్‌వర్డు. అంతే. పవర్ పరిమితుల మాటే లేదు. బయటకి వచ్చి లైనక్స్ నుంచే 6ని 10 చేశాను, అంటే ఆ ఫైల్లో కోటి అని రాశాను (బాబాయ్ పక్కనే ఉన్నాడు, “కోటి ఎవరికిరా?” అన్నాడు). ఎర్రర్ రాలేదు. తిరిగి చదివితే కోటి అనే చూపించింది. పరీక్ష పెడితే మళ్లీ 6 దగ్గరే గీత! ఆ రాత్రి పన్నెండు దాకా నాకు పిచ్చెక్కింది. మార్పు తీసుకున్నానంటుంది, పాటించదు, అచ్చం మా చిన్నోడిలాగా.

కిటుకు ఏమిటంటే ఇంటెల్ చిప్పుల్లో ఈ పరిమితి రెండు చోట్ల ఉంటుంది. ఒకటి సీపీయూ రిజిస్టరులో (చిప్ లోపల సెట్టింగు దాచుకునే అర), 0x610 నంబరుది. రెండోది మెమరీ దారిన చేరుకునే ఇంకో రిజిస్టరు, లైనక్స్‌లో ఎంఎంఐఓ అన్న పేరుతో వేరే ఫోల్డరుగా కనబడుతుంది. రెండింట్లో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. నేను మొదటిది మార్చాను, రెండోదాంట్లో మీ 6 అలాగే కూర్చుని ఉంది. తలుపుకి రెండు గొళ్లాలు, ఒకటే తీసి లాగుతున్నాను. రెండోది కూడా మార్చగానే డబ్బా ఒక్కసారి ఊపిరి తీసుకున్నట్టు 2.4 గిగాహెర్ట్జ్‌కి ఎక్కి, అరగంటసేపు అక్కడే నిలబడింది. ఇంకా నయం, మొదటి రిజిస్టరులో 63వ బిట్‌ని మీరు ఒకటి చేసి పెట్టలేదు. అది గనక వేసుంటే తాళమే, మళ్లీ రీబూట్ దాకా ఆ రిజిస్టరు జోలికి ఎవరూ వెళ్లలేరు, బయాస్ లేవగానే మళ్లీ అదే తాళం. వేరే డబ్బాల్లో అదీ చూశాను.

ఇక్కడ మీ పక్షాన ఒక మాట. 6 వాట్లు అనేది మీరు పుట్టించిన నంబరు కాదు, ఎన్100 టీడీపీ (చిప్ చల్లబరిచే ఏర్పాటుకి లెక్కగట్టే వాట్లు) 6 వాట్లే అని ఇంటెల్ కాగితంలోనే ఉంది. పరిమితి ఎత్తేసి 15 ఇచ్చి కూడా చూశాను, నాలుగు కోర్లూ 2.9 దగ్గర నిలిచాయి కానీ చిప్ 94 డిగ్రీలకి చేరింది, ఫ్యాన్ కీచుమంటోంది, పక్కనే ఉన్న ఎస్‌ఎస్‌డీ మీద వేలు పెట్టలేకపోయాను. 10 వాట్లకి 76 డిగ్రీలు. బ్యాకప్ ఫైలు కుదించడానికి 6 వాట్లలో పదకొండు నిమిషాలు పడితే, 10లో ఎనిమిది, 15లో ఆరున్నర. మా ఎండకి, ఆ దుమ్ముకి, ఆ చిన్న హీట్‌సింకుకి 10 సరైన లెక్క అని నేను తేల్చుకున్నాను. మెషిన్ లేవగానే రెండుచోట్లా కోటి రాసే చిన్న స్క్రిప్టు పెట్టాను, బాబాయ్ మళ్లీ ఫోన్ చేయలేదు. అంటే నా గొడవ మీరు పరిమితి పెట్టారని కాదండీ. పెట్టి చెప్పలేదని. దాచిపెట్టి, పైగా అట్టపెట్టె మీద ‘3.4 గిగాహెర్ట్జ్ వరకు’ అని రాశారని. ఆ ‘వరకు’ ఆషాఢంలో బట్టల షాపు బోర్డు మీద 70 శాతం పక్కన చీమంత అక్షరాల్లో ఉంటుందే, ఆ ‘వరకు’ లాంటిది.

కథ ఇక్కడితో అయిపోతే ఇంత పొడుగు ఉత్తరం రాసేవాణ్ని కాదు. రెండు నెలల తర్వాత చిలకలూరిపేటలో ఒక మెడికల్ షాపుకి మీదే ఇంకో డబ్బా తెప్పించాను, అదే మోడల్, అదే రంగు, అడుగున అదే స్టిక్కరు. ఈసారి తెలివిగా ముందే పవర్‌క్యాప్ చూశాను. పీఎల్1 ఇరవై వాట్లు! పరీక్ష పెడితే ఆగకుండా పరిగెత్తింది, ఏసీ లేని గదిలో పది నిమిషాలకి తొంభై దాటింది. బయాస్ తెరిస్తే ఈసారి మొత్తం బార్లా తెరిచి పెట్టారు. అడ్వాన్స్‌డ్, దాంట్లో పవర్ అండ్ పెర్ఫార్మెన్స్, దాంట్లో సీపీయూ పవర్ మేనేజ్‌మెంట్, దాంట్లో టర్బో, కాన్ఫిగ్ టీడీపీ, వోల్టేజీలు, మెమరీ టైమింగులు, చిప్‌సెట్ డీబగ్ ఆప్షన్లు, వందలకొద్దీ, ఒక్కదానికీ వివరణ లేదు. కొన్నిటిని ముట్టుకుంటే మళ్లీ స్క్రీన్ వెలగదు. ఒక డబ్బాకి వంటింటి తాళం వేశారు, రెండోదానికి గ్యాస్ సిలిండరు తెరిచి వెళ్లిపోయారు. బయాస్ తేదీలు తప్ప రెండింటికీ బయట ఏ తేడా లేదు. నేను ఎవరికైనా ఈ మోడల్ కొనండి అని చెప్పాలంటే ఏ జాతకం ఉన్నది వస్తుందని చెప్పాలి?

ఇంకా విచిత్రం, రెండు డబ్బాల యూయూఐడీ ఒకటే. ప్రపంచంలో ఏ రెండు మెషిన్లకీ ఒకటి కాకూడదని పెట్టుకున్న నంబరు అది. మీ రెండింట్లోనూ 03000200-0400-0500-0006-000700080009 అని ఉంది. ఇది మీ నంబరు కూడా కాదు, బయాస్‌తోపాటు ఊరికే వచ్చే నమూనా నంబరు, ఎన్నో కంపెనీల బోర్డుల్లో ఇదే కనబడుతుంది. దూరం నుంచి మెషిన్లు చూసుకునే నా సాఫ్ట్‌వేరు నరసరావుపేటనీ చిలకలూరిపేటనీ ఒకటే కంప్యూటర్ అనుకుని, ఒకదాని వివరాల మీద ఇంకోదానివి రాసేసింది.

మీ డబ్బాల పరీక్షలు చూపించే వీడియోల్లో ఇదంతా ఎందుకు దొరకదో కూడా ఇప్పుడు అర్థమైంది. గీక్‌బెంచ్ లాంటి వేగం కొలిచే ప్రోగ్రాములు చిన్నచిన్న పనులు చేయించి మధ్యలో కాస్త ఆగుతాయి, ఆ ఆగినప్పుడల్లా సగటు కిందకి దిగుతుంది, మళ్లీ పరుగుకి వీలు దొరుకుతుంది. పీఎల్1 బయటపడాలంటే ఆపకుండా పది నిమిషాలైనా నడపాలి. సినీబెంచ్ ఆర్23లో పది నిమిషాల పరుగుని డీఫాల్ట్‌గా పెట్టింది అందుకే, జనం ఓపిక లేక దాన్ని ఒక్క రౌండుకి మార్చేసి స్కోరు ఫొటో తీసుకుంటారు. నాకు ఇప్పుడు అలవాటైపోయింది, ఏ డబ్బా వచ్చినా ముందు గది ఉష్ణోగ్రత రాసుకుంటాను, తర్వాత అరగంట లోడు, వాట్లు, క్లాకు, డిగ్రీలు నిమిషం నిమిషానికీ నోట్‌బుక్‌లో. ప్లగ్గు దగ్గర వాట్ మీటరు కూడా. ఈ పట్టిక మీ దగ్గర ఉండదా? ఉంటుంది, హీట్‌సింకు సైజు నిర్ణయించేటప్పుడు మీరు చేసే ఉంటారు. మీరు 25 డిగ్రీల గదిలో చేశారేమో, 40 డిగ్రీల గదిలో కూడా ఒకసారి చేసి ఆ కాగితం పెట్టెలో పడేయండి. పీఎల్1 ఇంత, పీఎల్2 ఇంత, కాలవ్యవధి ఇంత. మూడు నంబర్లు. రంగుల స్టిక్కర్లు రెండు వేస్తున్నారు కదా, వాటిలో ఒకటి తీసేసి ఇది వేయండి.

బయాస్‌లో 6, 10, 15 అని మూడు గేర్లు ఇస్తే చాలు, వందల ఆప్షన్లు నాకొద్దు. 15 పెడితే వేడెక్కుతుంది అని పక్కన ఒక వాక్యం రాయండి. పాడైతే మీ పూచీ కాదని కూడా రాసుకోండి, నాకు అభ్యంతరం లేదు.

కరెంటు సంగతి మర్చిపోకూడదు. ఒక రాత్రి ఒంటిగంటకి కరెంటు పోయి నలభై నిమిషాలకి వచ్చింది. కెమెరాలు లేచాయి, రౌటరు లేచింది, మీ డబ్బా లేవలేదు. పొద్దున్న బాబాయ్ వచ్చి బటన్ నొక్కేదాకా ఒక్క నిమిషం రికార్డింగ్ లేదు. ఏం పోలేదు, అది మా అదృష్టం. కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగు కోసం తాళం వేసిన ఆ బయాస్ అంతా గాలించాను, లేదు. చిలకలూరిపేట డబ్బాలో ఉంది, కానీ దాని పేరేంటో తెలుసా? ‘స్టేట్ ఆఫ్టర్ జీ3’. విలువలు ఎస్0, ఎస్5. జీ3 అంటే ప్లగ్గు పీకేసిన స్థితి, ఎస్0 అంటే నడుస్తున్న స్థితి, ఎస్5 అంటే ఆఫ్. ఇది నాకు తెలుసు కాబట్టి సరిపోయింది. మెడికల్ షాపాయనకి ఫోన్లో చెప్పి మార్పించాలంటే? “సార్, జీ3 తర్వాత ఎస్0 పెట్టండి” అంటే ఏదో ట్రైన్ బెర్తు అనుకుంటాడు. ‘కరెంటు వస్తే ఆన్ అవ్వాలా’ అని ఇంగ్లిష్‌లోనే పెట్టండి, మాకు అర్థమవుతుంది.

ఇవన్నీ మీ సపోర్ట్‌కి రాశాను. నాలుగు రోజులకి జవాబు వచ్చింది, ఒక డ్రైవ్ లింకు, దాంట్లో ఒక జిప్ ఫైలు, ‘ప్లీజ్ ఫ్లాష్’ (ఈ బయాస్ ఎక్కించుకోండి) అన్న ఒక్క ముక్క. ఏ వెర్షనో లేదు, ఏం మారిందో లేదు, ఫైలు సరైనదో కాదో చూసుకోవడానికి చెక్‌సమ్ లేదు. ఇది 6 వాట్ల డబ్బాకా, 20 వాట్ల డబ్బాకా అని అడిగితే ఇంతవరకు పలుకు లేదు. ఫ్లాష్ మధ్యలో కరెంటు పోతే బోర్డు మీద చిప్‌కి క్లిప్పు తగిలించి ప్రోగ్రామరుతో రాసుకోవాల్సిందే, అది నాకు వచ్చు, బాబాయికి రాదు. నేనైతే ఆ ఫైలు ముట్టుకోలేదు.

ఫర్మ్‌వేర్, అంటే బయాస్ లాంటి వాటి, అప్‌డేట్లు ఎవరడిగారు అనుకోకండి. మెషిన్ లేచేటప్పుడు నమ్మకమైన ప్రోగ్రామే నడిచేలా చూసే సెక్యూర్ బూట్‌కి ఆధారంగా ఉన్న మైక్రోసాఫ్ట్ 2011 నాటి సర్టిఫికెట్ల గడువు తీరిపోవడం 2026 జూన్ నుంచే, కొత్తవి బయాస్‌లోకి చేరాలి. 2024 జులైలో బైనార్లీ అనే భద్రతా పరిశోధన సంస్థ ఒక సంగతి బయటపెట్టింది, ‘డూ నాట్ ట్రస్ట్’ అని పేరులోనే ఉన్న సెక్యూర్ బూట్ పరీక్ష తాళంచెవిని మార్చకుండానే వందలాది మోడళ్లు మార్కెట్లోకి వచ్చేశాయని. నమ్మొద్దని దాని మీదే రాసుంటే దాన్నే పెట్టి అమ్మారు, ఖాళీలు నింపని మన అలవాటు ఎక్కడిదాకా పోతుందో చూడండి. లైనక్స్‌వాళ్లకి ఎల్‌వీఎఫ్ఎస్ అనే చోటు ఉంది, కంపెనీలు బయాస్ ఫైళ్లు అక్కడ పెడితే మామూలు అప్‌డేట్లలాగే దిగిపోతాయి. అది కష్టమైతే మీ వెబ్‌సైట్లో ఒక్క పేజీ పెట్టండి, మోడలు, తేదీ, ఏం మారింది, చెక్‌సమ్. ఆ డ్రైవ్ లింకు కంటే అదే మీకూ తేలిక.

నిన్న మీ సపోర్ట్ నుంచి ఇంకో మెయిల్ వచ్చింది, ఫిర్యాదు ముందుకెళ్లాలంటే సీరియల్ నంబరు కావాలట. డబ్బా తిప్పి చూస్తే అడుగున స్టిక్కరు మీద అచ్చు వేడికి చెరిగిపోయి తెల్లగా ఉంది. డీఎంఐడీకోడ్‌లో సీరియల్ నంబరు చూసి, ఏముందో అదే పంపించాను. డీఫాల్ట్ స్ట్రింగ్.